లాల్‌దర్వాజాకు సూర్యుడొచ్చిన రోజు

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మా చెల్లెలు పుట్టింది, ఉయ్యాల ఊపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది, నా బడి అక్కడితో సరి. అందుకేనేమో పుస్తకమంటే నాకు ఇప్పటికీ భక్తి. కాలు తగిలితే కళ్ళకు అద్దుకుంటాను. అచ్చులో పడిన మాట తప్పయి ఉండవచ్చని ఇంత వయసు వచ్చినా నాకు ఎన్నడూ తోచలేదు.

మా పక్క పోర్షన్‌లో అద్దెకుండే మున్నీకి కూడా తోచలేదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

మున్నీ వాళ్ళమ్మ లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనికి పోతుంది. బడి లేని రోజు పిల్ల మా ఇంట్లోనే తింటుంది, మా ఇంట్లోనే పోట్లాడుతుంది, మా మనవరాలు వర్షిత దగ్గర పాఠాలు చెప్పించుకుంటుంది. అప్పటికి అది నాలుగో తరగతి, వర్షిత ఎనిమిది. చలికాలం, ఆదివారం మధ్యాహ్నం. నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చూస్తే మున్నీ వాకిలి నడుమ ఎండలో నిలబడి కాళ్ళ దగ్గరికి చూసుకుంటూ ఏడుస్తోంది.

"ఏమైందే? ఎవలన్న గొట్టిన్రా?"

"ఎవ్వలు గొట్టలే. నా నీడ పోతలేదవ్వా."

"నీడ పోవుడేంది బిడ్డా?"

"పుస్తకంల రాసిన్రు. పన్నెండు గొట్టంగ సూర్యుడు నడినెత్తి మీదికి వస్తడంట, అప్పుడు నీడ ఉండదంట. పరీక్షల నేను ఉంటదని రాస్తే టీచర్ ఇంటు గొట్టింది. అందరిది పోతది. నాదొక్కదే పోతలేదు."

లోపల గడియారం పన్నెండు దాటింది. మున్నీ నీడ చూస్తే చక్కగా దాని కాళ్ళ దగ్గర మొదలై, ఇంచుమించు దానంత పొడుగున గడప దాకా పడుకుని ఉంది. వర్షిత పుస్తకం తెచ్చి పైకి చదివింది. ఉన్న మాటే. పక్కన బొమ్మ కూడా వేశారు: తల పైన సూర్యుడు, కింద నీడ లేని పిల్లవాడు.

"మన గడియారమే ఎనుకకుందేమోనే," అన్నాను నేను. "పుస్తకం తప్పెందుకు రాస్తరు?"

వర్షిత నా వంక చూసింది, పుస్తకం వంక చూసింది. నా ముగ్గు డబ్బా తెచ్చి, "నాయినమ్మా, జర ఈడ నిలవడు," అంది. నిలబడ్డాను. నా నీడ చుట్టూ ముగ్గుతో గీత గీసింది. పక్కకు జరిగి చూద్దును కదా, నేల మీద నేనే పడుకుని ఉన్నాను. నా కొప్పు, నా కొంగు, వంగిన నా వీపు, అన్నీ. పుట్టిన దగ్గరి నుంచి నా వెంట తిరుగుతున్న దాన్ని నేను తేరిపార చూడడం అదే మొదలు.

మర్నాడు వర్షిత వాళ్ళ సైన్స్ సారు కృపాకర్‌ను ఇంటికే పట్టుకొచ్చింది. పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన నిమ్మకాయకు అగరుపుల్ల గుచ్చి, టార్చి లైటు ముందు తిప్పుతూ చెప్పాడు. సూర్యుడు ఆరు నెలలు ఉత్తరానికి, ఆరు నెలలు దక్షిణానికి నడుస్తాడట. ఆ నడకలో మన ఊరి నడినెత్తిన నిలబడేది ఏడాదికి రెండే రోజులట. పోతూ ఒకసారి మే నెలలో, తిరిగి వస్తూ ఒకసారి ఆగస్టులో. మిగతా రోజులన్నీ ఎంతో కొంత పక్కనే ఉంటాడు, నీడ ఎంతో కొంత ఉంటుంది.

"ఢిల్లీల, సార్?" అంది మున్నీ.

"ఢిల్లీ దాక ఆయన పోనే పోడు బిడ్డా. ఆడ ఉన్నోళ్ళకు నీడ పోవుడన్నదే లేదు."

"అంటే నా నీడ మంచిదేనా?"

"బంగారమసొంటిది."

ఆ పాఠం మార్పించాలని ఆ రోజు నుంచి వర్షితకు పట్టింది. సంతకాలు పెట్టించి కాగితాలు పంపితే ఎవరు చూస్తారని, ముగ్గు పట్టింది. మధ్యాహ్నం పన్నెండుకు పిల్లలు ఒకరి నీడ ఒకరు ముగ్గుతో గీయడం, పక్కన తేదీ, "పాఠం సరిచేయండి" అని రాయడం, ఫోటో తీసి పుస్తకాల ఆఫీసుకు పంపడం. మా గల్లీతో మొదలై, పక్క బస్తీల మీదుగా మాదన్నపేట కూరగాయల మార్కెట్ దాకా పాకింది. అక్కడ టమాటలమ్మే ఆవిడ నీడను తట్టతో సహా గీశారు. ఒకనాడు గస్తీకొచ్చిన కానిస్టేబుల్ నేల మీద మనిషి గీత చూసి బండి ఆపి, "ఈడ ఎవలు సచ్చిన్రు?" అని అడిగాడు. గల్లీ గల్లీ నవ్వింది.

ఆఫీసు నుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. మే నెలలో ఆ రోజు రానే వచ్చింది కానీ, వర్షితకు అప్పుడే అమ్మవారు పోసింది. వేపరెమ్మలు పరిచి, కిటికీ మూసి, నేను దాని పక్కనే కూర్చున్నాను. బయట సూర్యుడు వచ్చి పోయాడు, మేమిద్దరం చీకటి గదిలో ఉన్నాం. జూన్‌లో కొత్త పుస్తకాలు వచ్చాయి. అదే మాట, అదే బొమ్మ.

దాని కంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. మున్నీ ఐదులోకి వచ్చింది కదా, మార్కుల కాగితం తెచ్చి సంబరంగా చూపించింది.

"అవ్వా, ఈసారి నీడ ముచ్చట పెద్ద పరీక్షల గూడ అచ్చింది. నీడ ఉండదని రాసిన. ఫుల్ మార్కులు."

"ఉంటదని తెలుసు గదనే నీకు?" అంది వర్షిత.

"తెలుసు. గని పుస్తకంల ఉన్నదే రాయాలె గదక్కా. మనం జూసింది రాస్తె మార్కులియ్యరు."

వర్షిత ఆ పూట అన్నం సరిగా తినలేదు. "నాయినమ్మా, అది దాని కండ్లను అదే నమ్ముడు బంద్ చేసింది," అంది.

జూలై చివర్లో ఫోన్ వచ్చింది. ఆ పాఠం రాసినావిడే, పేరు శారదాంబ. కాలేజీలో సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. మాట కోస్తా వైపు మాట, గౌరవమైన గొంతు. వర్షిత స్పీకర్ పెట్టింది.

"చూడమ్మా, మీ ఫోటోలు చూశాను. భలేగా ఉన్నాయి. మీరు చెప్పేది నాకు తెలియక కాదు. కానీ అవి నాలుగో తరగతి పసిపిల్లలు. ఏడాదికి రెండు రోజులు, అదీ ఊరికో తేదీ అంటే వాళ్ళు తికమకపడతారు. ముందు తేలిక మాట చెబుతాం, అసలు సంగతి పై తరగతుల్లో వస్తుంది."

"అప్పటిదాక అబద్ధం చదువుతరా మేడమ్?"

నేను దాని వీపు మీద ఒక్కటిచ్చాను. పెద్దవాళ్ళతో మాట్లాడే తీరా అది? అవతల ఆవిడ అంది: "మార్పులు తీసుకునే గడువు వచ్చే వారంతో ముగుస్తోంది. ఆగస్టులో ఆ రోజు నేను మీ దగ్గరికే వస్తాను. చిన్నపిల్లలకు ఇది అర్థమవుతుందని నాకు నమ్మకం కలిగితే మారుస్తాను. లేదంటే ఆ వాక్యం అలాగే ఉంటుంది. మళ్ళీ నన్ను అడగకూడదు, సరేనా?"

"సరే మేడమ్," అంది వర్షిత. ఫోన్ పెట్టీ పెట్టగానే కృపాకర్ సారుకు చెప్పడానికి పరుగెత్తింది.

మా గల్లీ మొగదల పాత బావి ఉంది. ఇప్పుడు ఎవరూ తోడరు, పైన ఇనుప జాలీ బిగించారు. దాని ముందు కొంచెం ఖాళీ జాగా. ఇరుకు గల్లీలో ఆకాశం బాగా కనిపించేది అక్కడే కాబట్టి, అక్కడే చూపించాలని కృపాకర్ సారు ఖాయం చేశాడు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుతో ఇనుప కడ్డీ నిట్టనిలువుగా పాతించాడు. పిల్లలను బడి నుంచి పదకొండున్నరకు తీసుకొస్తానన్నాడు.

మా బోనాలు అయిపోయి వారమే అయింది. టెంట్ హౌస్ భిక్షపతి సామాను ఇంకా గల్లీలోనే ఉంది. భిక్షపతి నన్ను అక్కా అని పిలుస్తాడు, మనసు వెన్న. ఆ ఉదయం సన్నగా తుంపర పడింది. నేను పాలకు పోయి వచ్చేసరికి, బావి ముందు జాగా మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎర్ర, పసుపు షామియానా కట్టేశాడు. కింద తివాచీ, నడుమ పెళ్ళికొడుకు కుర్చీ, పక్కన బల్ల మీద బంతిపూల దండ.

"ఎట్లున్నదక్కా?"

"మస్తుగున్నదిరా!" అన్నాను. చూసి గల్లీ అంతా మురిసింది. మా దగ్గర చుట్టం వస్తుందంటే ముందు నీడ కట్టడమే మర్యాద. పెళ్ళైనా చావైనా మొదట లేచేది షామియానాయే. అది కట్టొద్దని ఎవరికి తోస్తుంది చెప్పండి?

శారదాంబగారు ఆటో దిగింది. సన్నగా, తెల్లని జుట్టుతో, నూలు చీరలో. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం, దండ వేశాం, చాయ్ ఇచ్చాం. ఆమె పైకి చూసి చిన్నగా నవ్వింది. అంతలో పిల్లల గుంపు వచ్చింది. ముందు వర్షిత, దాని చేయి పట్టుకుని మున్నీ, వెనక కృపాకర్ సారు. షామియానా చూసి వర్షిత ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"భిక్షపతి తాతా! గిదేంది? టెంటు తియ్యుండ్రి!"

"తీసుడేంది? పెద్దామెను ఎండల కూసోవెడ్తమా? లాల్‌దర్వాజా ఇజ్జత్ ఏం గావాలె?"

"సూర్యుని జూపియ్యనీకె పిలిచినం తాతా, సూర్యునికే అడ్డం గడితివి!"

"వానకు గూడ అక్కరకొస్తది. జూడు, మబ్బెట్లున్నదో. నీ సూర్యుడు ఇయ్యాల సెలవు మీదున్నడు."

పిల్లలు కిసకిసా నవ్వారు. భిక్షపతికి కోపం వచ్చింది. పొద్దున్నుంచి పైసా అడగకుండా కష్టపడ్డాడు మరి. గుంజ పట్టుకుని నిలబడిపోయాడు, కదలడు. వర్షిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను లేచి వాడి దగ్గరికి పోయాను.

"భిక్షపతీ, చుట్టానికి నీడ గట్టుడు మన రివాజే, కాదంటలేను. గని ఇయ్యాల మన ఇంటికచ్చే పెద్ద చుట్టం ఆ కుర్చీల లేడురా. పైకెల్లి అస్తుండు. తలుపు దీస్తవా, మొఖం మీద మూస్తవా?"

వాడు పైకి చూశాడు, నన్ను చూశాడు. "గా మాట ముందుగాల జెప్పద్దా అక్కా," అని గొణిగి తాడు ముడి లాగాడు. షామియానా ఒక పక్కకు ఒరిగి, గాలి తీసినట్టు కిందికి జారింది. శారదాంబగారు తన కుర్చీ తనే జరుపుకుంది.

కానీ మబ్బు అలాగే ఉంది. బూడిద రంగు దుప్పటి కప్పినట్టు ఆకాశం. పన్నెండు కొట్టింది. "అయిపాయె," అంది మున్నీ నీరసంగా.

"పన్నెండన్నది గడియారంది బిడ్డా," అన్నాడు కృపాకర్ సారు. "సూర్యునికి మన గడియారంతోని పనిలేదు. ఇంక ఇరవై నిమిషాలున్నది."

అదీ ఒక కొత్త సంగతే నాకు. అందరం తలలెత్తి నిలబడ్డాం. చాయ్ బండి అతను స్టవ్ చిన్నది చేసి వచ్చాడు. మేడ మీద బట్టలు తీస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. సైకిల్ మీద పోయే ముసలాయన ఎవరో, "క్యా దేఖ్ రే మియా?" అని అడిగి, తనూ తలెత్తి నిలబడ్డాడు. వర్షిత పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి మొక్కుతోందో నేను అడగలేదు. నేనైతే మహంకాళి తల్లిని మొక్కాను.

మొదట మేడ మీది ఆడవాళ్ళే అరిచారు. మబ్బు పలచబడి, చిరిగింది. ఎండ ఎక్కడి నుంచో రాలేదు, పై నుంచి పోసినట్టు పడింది.

కడ్డీ చూశాను. దాని పక్కన వేలెడంత నల్లగీత ఉంది. చూస్తుండగానే అది కడ్డీ మొదట్లోకి పాకింది, పాకింది, ఇక లేదు. బల్ల మీది నీళ్ళ సీసాకు నీడ లేదు. కరెంటు స్తంభానికి, అంత పొడుగు స్తంభానికి, నీడ లేదు. పిల్లలు నిటారుగా నిలబడి కాళ్ళ దగ్గరికి చూసుకుంటున్నారు. ఒక్కొక్కరి చుట్టూ చెప్పు అంచంత నలుపు, అంతే. భూమి మీద నాటకుండా వదిలేసిన బొమ్మల్లా ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. అంత గుంపు, అంత లొల్లి చేసే పిల్లలు, ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. నేను చేయి చాచాను. నా చేతి నీడ సరిగ్గా చేతి కిందే నేల మీద పడింది.

అప్పుడు బావి దగ్గర మున్నీ కేక వేసింది. "అవ్వా! బావిల పొద్దు ఉన్నది!"

అందరం బావి చుట్టూ ఉన్న గద్దె ఎక్కి జాలీ మీదికి వంగాం. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ బావిలో నీళ్ళు తోడాను. బొక్కెన దిగుతుంటే చీకట్లోకి పోయినట్టే ఉండేది, నీళ్ళు తగిలిన చప్పుడే తప్ప కంటికి కనబడేవి కావు. ఆ బావిలో ఇప్పుడు ఎండ తిన్నగా అడుగు దాకా దిగింది. రాళ్ళ వరసలు ఒక్కటొక్కటి లెక్కపెట్టవచ్చు. పగుళ్ళలో నాచు పచ్చగా మెరుస్తోంది. నీళ్ళు వెలుగుతున్నాయి, ఆ తళుకు గోడల మీద ఆడుతోంది. నీళ్ళ మీద జాలీ గళ్ళు ముగ్గు పరిచినట్టు పడ్డాయి, ఆ గళ్ళ నడుమ గుండ్రంగా మా తలలు. చిన్న తలలు, పెద్ద తలలు, నా కొప్పు. పైన మాయమైన మా నీడలన్నీ అంత లోతున గుంపు కట్టి ఉన్నాయి.

శారదాంబగారు నా పక్కనే వంగింది. నా చేయి గట్టిగా పట్టుకుంది. "నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో దీన్ని," అంది మెల్లగా. "చూడలేదండీ. ఎప్పుడూ చూడలేదు."

కాసేపటికి జాలీ గళ్ళు నీళ్ళ మీది నుంచి గోడ వైపు జారడం మొదలైంది. మబ్బు మళ్ళీ మూసుకుంది. గుంపు ఒక్కసారిగా గోలగోలైంది, అందరూ అందరితో మాట్లాడుతున్నారు. శారదాంబగారు గద్దె మీదే కూర్చుని పిల్లలను దగ్గరికి పిలిచింది. వర్షిత నా కొంగు పట్టుకుంది. అసలు పరీక్ష ఇదేనని నాకూ తెలుసు.

"సరే, చూశారు కదా. ఇప్పుడు చెప్పండి. ఈ రోజు ఇక్కడ నీడ పోయింది. మరి అన్ని ఊళ్ళలోనూ ఇవాళే పోయిందా?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు అవునన్నాడు, ఇంకొకడు కాదన్నాడు. వర్షిత నోరు తెరవబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది. "నువ్వు కాదమ్మా. చిన్నవాళ్ళు."

మున్నీ గోరు కొరుకుతూ అడిగింది. "మా అమ్మమ్మోళ్ళది ఆదిలాబాద్. ఆడ పోయిందా మేడమ్?"

"అక్కడ పది రోజుల ముందే పోయింది. అది మనకు ఉత్తరాన ఉంది."

"మరి కర్నూల్‌ల?"

"నువ్వే చెప్పు."

మున్నీ కళ్ళు మూసుకుంది. చేత్తో గాలిలో పైనుంచి కిందికి ఏదో గీసింది. "ఇంక పోలే. ఆయన మీదికెల్లి కిందికి అస్తున్నడు గద. ఆడికి ఇంక రాలే." గబుక్కున కళ్ళు తెరిచింది. "మేడమ్, బోనాల లెక్కనే! ముందుగాల గోల్కొండల అయితయి, ఎనుక సికింద్రాబాద్‌ల, ఆఖరుకు మా లాల్‌దర్వాజల. పండుగ ఒక్కటే, గని ఒక్కొక్క తాన ఒక్కొక్క ఐతారం. ఎవల వంతు వాళ్ళకొస్తది. సూర్యుడు గూడ గట్లనే, వంతుల మీద తిరుగుతున్నడు."

"అవ్ మేడమ్, బోనాల లెక్క!" అని పిల్లలంతా ఒక్కసారి అందుకున్నారు. "మా మేనత్తోళ్ళది సికింద్రాబాద్, వాళ్ళది ముందే అయిపాయె!" "ఢిల్లీల బోనాలే లేవు, గందుకే ఆడ నీడ పోదు!" అన్నాడు ఒకడు. వాడి నెత్తి మీద మున్నీ మొట్టికాయ వేసింది. "ఆడిదాక ఆయన పోడురా, గందుకు."

కృపాకర్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. శారదాంబగారు చాలాసేపు మున్నీనే చూసింది. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదని నాకు ఆ చూపులోనే తెలిసింది.

"ఊరికో తేదీ అంటే పిల్లలకు ఎలా చెప్పాలో తోచకే ఆ వాక్యం అలా రాశాను," అంది. "ఇప్పుడు తోచింది. అది తీసేస్తున్నాను. కమిటీకి చెప్పుకోవడం నా పని. దాని చోట నీ మాట పెడతాను. పెట్టనా?"

"నా పేరేస్తరా?"

"పాఠంలో పేర్లు వేయరమ్మా."

మున్నీ కొంచెం ఆలోచించింది. "మరి పరీక్షల, నీడ ఉన్ననాడు ఉన్నదని రాస్తె ఇంటు గొట్టరు గద?"

"కొట్టరు. నువ్వు చూసింది నువ్వు రాయి."

"అయితే పెట్టుండ్రి."

వర్షిత అప్పటిదాకా ఆపుకున్నది ఆపుకోలేక నా భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ నిలబడ్డాను కానీ, నా మనసు అక్కడ లేదు. పుట్టిన దగ్గరి నుంచి ఏటా రెండుసార్లు ఆయన నా నెత్తి మీదికి వచ్చి నిలబడి పోతూనే ఉన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను, రేకుల కింద కునుకు తీశాను, వడియాలు ఎండబెట్టి కాకులను తోలాను. ఇంత పెద్దది ఇంత నిశ్శబ్దంగా జరిగిపోతుందని ఎవరనుకుంటారు?

దసరా అయ్యాక శారదాంబగారు ఫోన్ చేసింది. కమిటీ ఒప్పుకుంది, పాఠం మారింది, వచ్చే జూన్ పుస్తకంలో వస్తుంది అని చెప్పింది. ఆ సంగతి చెబుదామని నేను పిలిస్తే, మున్నీ అప్పటికే తన ఐదో తరగతి పుస్తకం చంకలో పెట్టుకుని వస్తోంది. విని, "మంచిదైంది," అని తలూపి, పుస్తకం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"అవ్వా, గిది జూడు. సూర్యుడు తూర్పున ఉదయిస్తడంట. రోజు ఒక్క తాననే పొడుస్తడా? ఉత్తరం, దక్షిణం తిరిగేటోడు ఒక్క తాననే ఎట్ల పొడుస్తడు?"

"నాకేం తెలుసే?"

"నాకు గూడ తెల్వది. రేపు పొద్దుగాల మీదికెక్కి జూద్దాం."

మోకాళ్ళ నొప్పులన్నాను. మెట్లు నిటారన్నాను. "మెల్లగెక్కు, నేను చెయ్యి పడత," అంది. మర్నాడు ఇంకా మసక ఉండగానే వచ్చి తలుపు కొట్టింది. పైకి చేరేసరికి నాకు ఆయాసం వచ్చింది. మున్నీ సూర్యుడు పొడిచిన చోటుకు గుర్తుగా పిట్టగోడ మీద బొగ్గుతో ఒక గీత గీయడానికి సిద్ధంగా నిలబడింది, నేను దాని పక్కన. ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకుల వెనకాల ఆకాశం ఎర్రబడుతోంది. ఎక్కణ్ణుంచి వస్తాడో ఇద్దరికీ తెలియదు.